బండకు అంటుకున్న గుల్లల దగ్గర మొదలుపెట్టు

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ ప్లాఫ్కర్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భూకంపాలను నేల మీద తిరిగి చదివిన మనిషి గురించి తెలుగులో రాయాలని పూనుకున్నావు. చాలా సంతోషం. అయితే అమ్మాయ్, ఇందులో ఆయన పుట్టుక ఉంది, ఉద్యోగం ఉంది, గౌరవాలున్నాయి. ఆయనకు ఆ సంగతి ఎలా తెలిసిందో లేదు. "1964 అలాస్కా భూకంపానికి అసలు కారణం కనిపెట్టారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ వాక్యం వెనకాల ఏం జరిగిందో అదే నీ వ్యాసం కావాలి.

1929లో పుట్టారని ఒక ముక్కలో చెప్పు. గ్వాటెమాలాలో చమురు కంపెనీకి పనిచేసి అమెరికా భూగర్భ సర్వే సంస్థకు తిరిగొచ్చారని మరో ముక్క. ఒక్కటి మాత్రం వదలకు: ఆయన భూకంపాల నిపుణుడు కాదు. అలాస్కా కొండల్లో రాళ్లు చూసి పటాలు గీసే మనిషి. యంత్రాలు గీసిన గీతలకంటే ఒడ్డున కనిపించేదాన్ని ఎక్కువ నమ్మడానికి కారణం అదే. జీవితచరిత్రలో బాల్యం కంటే ఇలాంటి అలవాటు ముఖ్యం.

1964 మార్చి 27, గుడ్ ఫ్రైడే సాయంత్రం 5 గంటల 36 నిమిషాలు. నాలుగు నిమిషాలకు పైగా నేల ఊగింది. తీవ్రత 9.2. తోటి భూగర్భ శాస్త్రవేత్తలు ఆర్థర్ గ్రాంట్జ్, రూబెన్ కాచడూరియన్‌లతో కలిసి ప్లాఫ్కర్ వెంటనే అక్కడికి వెళ్లారు. కూలిన ఇళ్లు, చీలిన రోడ్లు నువ్వు బాగానే రాశావు. కానీ అసలు పని తర్వాత, ఆ వేసవిలో, పడవల మీద తీరం వెంట తిరుగుతూ జరిగింది. అక్కడ నెమ్మదిగా నడువు.

సముద్రపు బండలకు, పడవల అడుగున తెల్లగా గట్టిగా అంటుకుని పెరిగే చిన్న గుల్లజీవులుంటాయి. బార్నకిల్స్ అంటారు. పోటు నీరు క్రమం తప్పకుండా ఎంత ఎత్తుకు వస్తుందో అంతవరకే బతుకుతాయి. అందుకే బండ మీద వాటి పై అంచు గీత గీసినట్టు ఉంటుంది. భూకంపం తర్వాత కొన్ని దీవుల్లో ఆ గీత నీటికి అందనంత పైకి పోయింది, గుల్లలన్నీ చచ్చి తెల్లబడ్డాయి. అంటే నేల లేచింది. పాత గీతకు, ఇప్పటి పోటు మట్టానికి మధ్య తేడా కొలిస్తే ఎంత లేచిందో తెలిసిపోతుంది. మాంటెగ్యూ దీవిలో ఒకచోట పది మీటర్లకు పైగా లేచింది! లోపలి వైపు తీరంలో తారుమారు: నేల రెండు మీటర్ల దాకా కుంగి, ఉప్పునీళ్లు వేళ్లకు తగిలి చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఇలా వందల చోట్ల కొలిచారు.

ఈ పేరా రాసే ముందు కాకినాడ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, నీరు తీసినప్పుడు రేవు స్తంభాలు చూడు. చేత్తో తాకు. అలాస్కా చూడకుండా అలాస్కా గురించి రాయొచ్చు, గుల్ల చూడకుండా మాత్రం ఈ మనిషి గురించి రాయలేవు.

అప్పుడు వాదం వస్తుంది. నీ ప్రతిలో వాదమే లేదు, ఆయన చెప్పగానే లోకం ఒప్పుకున్నట్టుంది. భూమి పైపొర పెద్ద పలకలుగా విడిపోయి కదులుతుందనే భూఫలకాల సిద్ధాంతం అప్పటికి ఇంకా నిలదొక్కుకోలేదు. ఫ్రాంక్ ప్రెస్ వంటి పెద్ద భూకంప శాస్త్రవేత్త, భూమి లోపల నిట్టనిలువుగా ఉన్న పగులే కారణమన్నారు. ప్లాఫ్కర్‌కి అది కుదరలేదు. అంత పెద్ద కదలికకు సరిపోయే పగులు నేల మీద ఎక్కడా లేదు. మాంటెగ్యూలో కనిపించినవి దాని పిల్ల పగుళ్లే. లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతం సముద్రం వైపు లేచి, లోపలి వైపు కుంగాలంటే పగులు ఏటవాలుగా, సముద్రపు లోతు కందకం నుంచి అలాస్కా కిందికి చొచ్చుకుపోయి ఉండాలని 1965లో రాశారు. కింది ఫలకం పైదాన్ని అంచు పట్టి వందల ఏళ్లు లాగుతుంది, పట్టు వదిలిన క్షణాన వంచిన వెదురుబద్దలా అంచు పైకి లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది. ప్రెస్‌ని మాత్రం తక్కువ చేసి రాయకు. ఆయన వాదన బలం తెలిస్తేనే ఈయన కొలతల విలువ తెలుస్తుంది.

ఆ తర్వాత ప్లాఫ్కర్ చిలీ వెళ్లి 1960 నాటి 9.5 భూకంపం జాడలు వెతికారు. అక్కడా అదే వరస కనిపించింది. తోటి శాస్త్రవేత్త సావేజ్‌తో కలిసి 1970లో ప్రచురించారు. దీన్ని కుదించు. మన పాఠకుడికి దగ్గరి సాక్ష్యం వేరే ఉంది. 2004 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున మన తీరానికీ సునామీ వచ్చింది కదా. ఆ భూకంపంలో ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డున పగడపు దిబ్బలు నీళ్లలోంచి లేచి చచ్చిపోయాయి. గ్రేట్ నికోబార్ చివరన ఇందిరా పాయింట్ దగ్గర నేల కుంగి లైట్‌హౌస్ చుట్టూ సముద్రం చేరింది. అలాస్కాలో గుల్లలు, చెట్లు చెప్పిన కథే ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త. డెల్టా పాఠకుడు వెంటనే "మనకూ వస్తుందా?" అని అడుగుతాడు. మన కోనసీమలో కొబ్బరితోటలున్న ఇసుక మెరకలు ఒకనాటి సముద్రపు ఒడ్డులే. కానీ అవి గోదావరి ఒండ్రు తెచ్చి పోయగా సముద్రం వెనక్కి జరిగిన జాడలు, భూకంపం లేపినవి కావు. రెండిటినీ కలిపేయకు. గోదావరి లోయలో భూకంపాలు లేవని కూడా అనకు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబర్ 4న ములుగు వైపు 5.3 వచ్చాయి. అవి ఖండం లోపలి పాత పగుళ్ల కదలికలు. 5.7కీ 9.2కీ మధ్య విడుదలయ్యే శక్తిలో తేడా లక్ష రెట్లకు పైమాటే. ఈ ఒక్క సంగతి సరిగా చెబితే జనానికి అనవసరమైన టెన్షన్ తగ్గుతుంది.

1964 సునామీకి కొట్టుకుపోయిన అలాస్కా ఊరు చెనెగా మీద నువ్వు రాసిన పేరాలో "భయంకరమైన", "హృదయవిదారకమైన" లాంటి మాటలు తీసెయ్. చిన్న దీవి. ఇళ్లు ఒడ్డున, బడి గుట్ట మీద. అల వచ్చింది, 23 మంది పోయారు, బడి మిగిలింది. బతికినవాళ్లు మళ్లీ అక్కడ ఊరు కట్టలేదు. ఇరవై ఏళ్లకు, 1984లో, మరో దీవి మీద చెనెగా బే వెలిసింది. ఇంతే రాయి. ప్లాఫ్కర్ కొలిచిన మీటర్ల కింద మనుషులున్నారని పాఠకుడికి ఇక్కడే తెలియాలి. అందుకే దీన్ని చివరికి తోసెయ్యకుండా, వాదం మొదలయ్యే ముందే పెట్టు.

తిరగరాసిన ప్రతితో పాటు అలాస్కా తీరం పటం ఒకటి నువ్వే చేత్తో గీసి పంపు. లేచిన భాగం, కుంగిన భాగం, రెండిటి మధ్య గీత ఉంటే చాలు.

ఆశీస్సులతో,
మాస్టారు