జీతమెంతో రాయి

అమ్మాయీ,

జార్జియా దేశ రాజధాని టిబిలిసి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ మూడు పేజీల దాకా విసుగే.

"విదేశీ సహాయంతో జార్జియాలో పాలనా సంస్కరణలు అమలయ్యాయి" అని మొదలెట్టావు. ఎవరు చేశారు? ఎవరి ఉద్యోగం ఊడింది? ఎవరి జేబులో ఎంత పడింది? దాతలూ, నివేదికలూ, ర్యాంకులే తప్ప ఒక్క మనిషీ కనపడడు. నాలుగో పేజీలో మాత్రం మీ ఇల్లుగలావిడ ఉల్లిపాయలు తరుగుతూ, అప్పట్లో కొడుకు యూనివర్సిటీ సీటుకి లంచం కట్టడానికి పియానో అమ్మానని చెప్పింది. మూడే వాక్యాలు! వెంటనే మళ్ళీ ప్రపంచబ్యాంకు. ఒళ్ళు మండింది నాకు. ఆ పియానో ఎవరు కొన్నారు? ఎంతకి?

డబ్బు గురించి రాసేవాళ్ళు జీతాలు రాయాలి. నా పిచ్చి అనుకో, పట్టుదల అనుకో. 2004లో 16 వేల మంది ట్రాఫిక్ పోలీసుల్ని ఒక్కసారిగా ఇంటికి పంపారని రాశావు. సరే. అంతకుముందు వాళ్ళ జీతంతో ఇల్లు గడిచేది కాదు, అదీ నెలల తరబడి బాకీ. చాలామంది ఆ ఉద్యోగం కొనుక్కున్నవాళ్ళే. అందుకే రోడ్డు మీద చెయ్యి చాపారు, వసూలైనదాంట్లో పైవాళ్ళకి వాటా పంపారు. కొత్తగా చేరినవాళ్ళకి జీతం ఎన్నో రెట్లు పెంచారు. 2003లో జనం వీధుల్లోకొచ్చి పాత ప్రభుత్వాన్ని దించేసిన గులాబీ విప్లవం నాటికి ఖజానా ఖాళీ. మరి పెద్దలకి ఎవరిచ్చారు? ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ, అమెరికా కోటీశ్వరుడు సోరోస్ దాతృత్వ సంస్థ కలిసి ఒక నిధి పెట్టి, మంత్రులకీ పై అధికారులకీ జీతం మీద జీతం ఇచ్చాయి. ఆ విప్లవంతో అధికారంలోకొచ్చిన అధ్యక్షుడు సాకాష్విలికి నెలకు 1,500 డాలర్లు! నువ్వు దీన్ని ఫుట్‌నోట్‌లో పడేశావు. నేనైతే అక్కణ్నుంచే మొదలెట్టేవాణ్ణి.

ప్రపంచబ్యాంకు అప్పుతో మన దగ్గర కరెంటు సంస్కరణలు నడుస్తున్న రోజుల్లో నేను జిల్లాలో స్ట్రింగర్ని, అంటే వార్తకింతని తీసుకునే విలేకరిని. ఒక కాంట్రాక్టు లైన్‌మన్ మీద కథనం పంపాను. స్తంభమెక్కితే రోజుకెంత, చేతి తొడుగులు ఎవరు కొన్నారు, అన్నీ కనుక్కుని రాశాను. డెస్క్‌లో పెద్దమనిషి ఆ లైన్‌మన్‌ని మొత్తం కొట్టేసి, అప్పెన్ని కోట్లో హెడ్డింగ్ పెట్టాడు. "వాడెవడికి కావాలయ్యా" అన్నాడు. ఆయన శిష్యులే ఇవాళా పేజీలు దిద్దుతున్నారు. వాళ్ళకి రెండు రకాల వ్యాసాలే కావాలి: జార్జియాని చూసి నేర్చుకోండి అనేది ఒకటి, ఇదంతా సామ్రాజ్యవాద కుట్ర అనేది ఇంకొకటి. మీ ఇల్లుగలావిడ రెండింట్లోనూ ఇమడదు. అందుకే ఆవిణ్ణి వదలకు.

ఆవిడ కూతురు పైసా లంచం లేకుండా యూనివర్సిటీలో చేరిందన్నావు. ఆ ఉమ్మడి ప్రవేశ పరీక్ష 2005లో మొదలైంది, ప్రపంచబ్యాంకు డబ్బు సాయంతోనే. ప్రశ్నపత్రాలు ఇంగ్లండులో అచ్చేయించి తెచ్చారు. హాల్లో కెమెరాలు పెట్టారు, బయట తల్లిదండ్రులు తెర మీద చూశారు. 2016లో ఎంసెట్-2 లీకై, పిల్లలు మళ్ళీ పరీక్ష రాయాల్సి వచ్చిన ఇళ్ళలో ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మీ ఇల్లుగలావిడ ఆ తెర ముందు నిలబడిందా? అడిగావా?

సాకాష్విలి ప్రభుత్వాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. దాని జైళ్ళలో ఖైదీల్ని హింసిస్తున్న వీడియోలు 2012 సెప్టెంబరులో టీవీల్లో వచ్చాయి, మరుసటి నెల ఎన్నికల్లో ఓడిపోయింది. ఇక తర్వాతి పాలకులు తెచ్చిన 2024 చట్టం సంగతి. ఆదాయంలో 20 శాతానికి మించి విదేశీ డబ్బున్న స్వచ్ఛంద సంస్థలు, మీడియా సంస్థలు పేరు నమోదు చేసుకోవాలన్నారు. నువ్వు పార్లమెంటు ముందు ఊరేగింపులు వర్ణించావు, అది అందరూ చేస్తారు. అలాంటి ఓ చిన్న సంస్థలో లెక్కలు రాసే అమ్మాయికి వచ్చే నెల జీతం వస్తుందో రాదో అన్న టెన్షన్ రాసినవాళ్ళు నాకు కనపడలేదు.

పుస్తకం వేయాలా అనడిగావు. ముందు ఇది తిరగరాయి. ఈసారి యూనికోడ్‌లో టైప్ చేసి పంపు. చేతిరాత ఫొటోలు ఫోన్‌లో చదవడం నా వల్ల కావడం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు