'కితకితలు' అన్న మాట చెవిన పడితే నాకేమవుతుందంటే

ఇక్కడ ఎవరో అడిగారు: కితకితలంటే ఇష్టం ఉన్నవాళ్లు, మామూలు కబుర్లలో ఆ మాట వినిపిస్తే ఎలా స్పందిస్తారు అని.

నాకు ఆ ఇష్టం ఉంది. పెట్టడమూ ఇష్టమే, పెట్టించుకోవడమూ ఇష్టమే. మా అక్కకూ నాకూ చిన్నప్పటి నుంచీ ఉన్న ఆట ఇది. ఇద్దరికీ నలభై దాటినా పోలేదు. అందుకని గట్టిగానే చెప్పగలను: ఆ మాట వినగానే ముందు కదిలేది మనసు కాదు, ఒళ్లు. మోచేతులు వాటంతట అవే డొక్కలకు అతుక్కుంటాయి. కాలివేళ్లు ముడుచుకుంటాయి. నవ్వు పెదవుల దాకా వచ్చేస్తుంది, బలవంతాన ఆపుకోవాలి. అవతలివాళ్లు ఏ సందర్భంలో ఆ మాట అన్నారో ఆ తర్వాత గానీ బుర్రకెక్కదు.

అన్ని మాటలూ ఒకేలా పనిచేయవు. 'గిలిగింతలు' అంటే నాకేమీ కాదు. మనసుకీ, చల్లగాలికీ, పాటకీ వాడీ వాడీ దాన్ని ఒంటికి దూరం చేసేశారు. 'చక్కిలిగింతలు' కొంచెం తగులుతుంది. 'కితకితలు' మాత్రం సూటిగా డొక్కలోకే వస్తుంది. ఆ పలుకులోనే వేళ్లు కదులుతున్నట్టు ఉంటుంది. అందుకే సినిమా సమీక్షలు రాసేవాళ్ల మీద నాకు కోపం. ఏ కామెడీ వచ్చినా 'కితకితలు పెట్టే హాస్యం' అనేస్తారు. జోకు నచ్చకపోతే నవ్వకుండా కూర్చోవచ్చు. డొక్కలో వేళ్లు ఆడుతుంటే ఆ వీలు ఉండదు. రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు, ఆ తప్పు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఆఫీసులో మీటింగ్ మొదలయ్యే ముందు అందరం కబుర్లలో ఉన్నాం. కొత్తగా వచ్చిన పై అధికారి గురించి ఎవరో "ఆయనకి కితకితలు పెట్టినా నవ్వు రాదండీ" అన్నారు. అందరూ నవ్వారు. నా ఒళ్లు ఎప్పటిలాగే ముడుచుకుంది. అప్పుడు చూశాను, నా పక్క కుర్చీలోని సహోద్యోగి కూడా గబుక్కున చేతులు దగ్గరికి లాక్కున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నేళ్లకు నాలాంటి మనిషి దొరికాడనుకున్నాను. మీటింగ్‌లో ఏం మాట్లాడారో ఒక్క ముక్క ఎక్కలేదు.

బయటికి రాగానే వరండాలో అతని ఎదురుగా నిలబడి, నాలుగడుగుల దూరం నుంచే రెండు చేతులూ ఎత్తి వేళ్లు ఆడించాను. "ఏంటండీ, మీకూ కితకితలు ఎక్కువేనా?" అన్నాను. అతను గోడకు ఆనుకుపోయాడు. నవ్వుతున్నాడు. నవ్వుతూనే "వద్దండీ, వద్దండీ" అంటున్నాడు. నేను ఆ నవ్వునే చూశాను, మాట వినలేదు. ఇంకో అడుగు ముందుకు వేశాను. అతని చేతిలోని ఫైలు జారి కాగితాలన్నీ చెల్లాచెదురయ్యాయి. కూర్చుని ఏరుకుంటుంటే చూశాను, చేతులు వణుకుతున్నాయి.

మర్నాడు తనే వచ్చి చెప్పాడు. చిన్నప్పుడు ఇంట్లో పెద్ద పిల్లలు కదలకుండా పట్టుకుని, ఊపిరి ఆడనంతసేపు కితకితలు పెట్టేవారట. "నేను నవ్వుతున్నానని వాళ్లు ఆపేవాళ్లు కాదండీ. నిన్న మీరు నన్ను ముట్టుకోలేదు, నిజమే. నాకు మాత్రం ముట్టుకున్నట్టే అయింది" అన్నాడు.

'ముట్టుకున్నట్టే' అన్న ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కనిపించినదల్లా చదివాను. అతను అన్నది అక్షరాలా నిజం. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా అనే వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. అరికాలికి ఇప్పుడో ఇంకాసేపట్లోనో కితకితలు పెడతారని ఎదురుచూస్తున్నప్పుడు కూడా, స్పర్శను గ్రహించే మెదడు భాగం దాదాపు నిజంగా పెట్టినట్టే చురుకైంది. 2016లో బెర్లిన్‌లో ఇషియామా, బ్రెహ్ట్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూసినదీ ఇలాంటిదే. కితకితలకు స్పందించిన మెదడు కణాలు, కితకితలు పెట్టే చేతి వెంట ఎలుక ఆడుతూ పరిగెత్తేటప్పుడు కూడా స్పందించాయి, ఆ చెయ్యి తాకకపోయినా సరే. అదే ఎలుకను భయపడే చోట ఉంచితే మాత్రం ఆ స్పందన తగ్గిపోయింది.

ఇక నవ్వు సంగతి. 1999లో కాలిఫోర్నియాలో హారిస్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి కళ్లకు గంతలు కట్టి, ఒకసారి మనిషి, ఇంకోసారి యంత్రం కితకితలు పెడతాయని చెప్పారు. నిజానికి రెండుసార్లూ పెట్టింది మనిషే. యంత్రం అనుకున్నప్పుడూ వాళ్లు అంతే నవ్వారు. అంటే ఎదుటివాళ్ల మీది ఇష్టానికీ ఆ నవ్వుకూ లంకె ఉండాల్సిన పని లేదు. నా ఉద్దేశంలో అది తుమ్ము లాంటిది. "నవ్వుతున్నాడుగా, బాగానే ఉన్నట్టుంది" అనే పెద్దలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ఊరికే బెదిరించా, చెయ్యి వేయలేదుగా" అనేవాళ్లన్నా అంతే. మాట వింటేనే ఒళ్లు ముడుచుకునే మనిషికి గాలిలో ఆడే వేళ్లు ఊరికే ఎలా అవుతాయి?

అప్పటి నుంచి ఆ మాటకు ఎవరైనా ముడుచుకుంటే, ఇష్టమై ముడుచుకున్నారా, భయమై ముడుచుకున్నారా అన్నది నేను ఊహించను. చూసి ఊరుకుంటాను. తర్వాత వాళ్లంతట వాళ్లే చెబితే వింటాను. ఆ సహోద్యోగి ఇప్పుడు నాకు మంచి స్నేహితుడు. నలుగురిలో ఆ మాట వస్తే నేనే సంభాషణ ఇంకో దారి పట్టిస్తాను.

అక్కతో మాత్రం ఆట అలాగే ఉంది. "చాలు" అంటే ఎంత నవ్వులో ఉన్నా చేతులు వెనక్కి వెళ్లిపోవాలి, ఇది ఇద్దరం పెట్టుకున్న నియమం. మొన్న ఫోన్‌లో "ఆదివారం వస్తున్నా, డొక్కలు జాగ్రత్త" అంది. తను ఉండేది వేరే ఊళ్లో. నా మోచేతులు అప్పుడే లోపలికి వెళ్లిపోయాయి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరుక్కుంది.