బ్రిస్బేన్ నది ఒడ్డున యుద్ధకాలంలో ఓడలు రిపేరు చేసిన చోట్లలో ఇప్పుడు చూడటానికి ఏం మిగిలింది?

కర్నూలు నుంచి అబ్బాయి దగ్గరికి బ్రిస్బేన్ వెళ్తున్నామని రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి నది ఒడ్డున ఓడల్ని, సబ్‌మెరైన్లను బాగుచేసేవారని విన్నాం, ఇప్పుడు చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా, మనవడిని కూడా తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. మిగిలింది తక్కువే. కానీ మిగిలినవాటిలో ఒకటి మాత్రం చాలా గొప్పది: సౌత్ బ్యాంక్ చివర, క్వీన్స్‌లాండ్ మారిటైమ్ మ్యూజియం ఆవరణలో ఉన్న సౌత్ బ్రిస్బేన్ డ్రై డాక్. ముందు అక్కడికి వెళ్ళండి. మిగతా చోట్లన్నీ దాన్ని చూశాకే అర్థమవుతాయి.

నాదీ కర్నూలే. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఎక్కువ భాగం కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్ల మీదే గడిచింది. మా అమ్మాయి, అల్లుడు బ్రిస్బేన్‌లో ఉంటారు. అక్కడున్నప్పుడు పొద్దున్నే నది వెంట నడవడం అలవాటైంది, ఆ నడకల్లోనే ఈ చోట్లు చూశాను. మా అల్లుడికి డాక్ మొదటిసారి చూపిస్తే, "గుంతలో ఓడ పెట్టారు, అంతే కదా మామా" అన్నాడు. నిజమే, అది గుంతే. ఆ గుంతను ఎంత శ్రద్ధగా కట్టారో చూడటానికే మిమ్మల్ని వెళ్ళమంటున్నాను.

డ్రై డాక్ ఎలా పనిచేస్తుందో కాలువ లాకులు చూసినవాళ్ళకు చెప్పడం తేలిక. గేటు తీసి నది నీళ్ళు లోపలికి రానిస్తారు. ఓడ తేలుతూ లోపలికి వస్తుంది. గేటు మూసేసి పంపులతో నీళ్ళు తోడుతారు. నీటిమట్టం దిగేకొద్దీ ఓడ కూడా దిగి, అడుగున ముందే వరుసగా పేర్చి ఉంచిన దిమ్మెల మీద కూర్చుంటుంది. పక్కకు ఒరగకుండా రెండు వైపులా దుంగలు పోటు పెడతారు. డాక్ గోడలు మెట్లు మెట్లుగా ఉండేది ఇందుకే. ఆ దుంగల కొసలు ఆనాలి, పనివాళ్ళు పై నుంచి కింది దాకా ఏ ఎత్తులోనైనా నిలబడి పని చేసుకోగలగాలి. దిమ్మెలు ఒక్కటి ఎత్తు తేడా వచ్చినా ఓడ అడుగుభాగం మీద బరువు సమంగా పడదు. అందుకే డాక్‌లోకి నీళ్ళు వదలకముందే, పేపరు మీద కొలతలు చూసుకుని, రాబోయే ఓడకు తగ్గట్టు దిమ్మెలు సర్దుకోవాలి. మన దగ్గర కాలువ షట్టర్ దించేటప్పుడు, గేట్లు చూసుకునే లస్కర్ ఎంత జాగ్రత్తగా ఉంటాడో మీరు చూసే ఉంటారు. ఇక్కడ ఆ జాగ్రత్త ఒక ఓడంత పెద్దది.

ఈ డాక్ యుద్ధం కోసం కట్టింది కాదు. 1881లో పని మొదలుపెట్టింది, 1887లో పొడిగించారు. మన కేసీ కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో మొదలుపెట్టి 1870ల తొలినాళ్ళకు పూర్తిచేసింది. అంటే రెండూ దాదాపు ఒకే కాలపు రాతి పని. ఆ గోడల ముందు నిలబడి రాళ్ళ అతుకులు చూస్తుంటే నాకు హంద్రీ నది మీదుగా మన కాలువను దాటించే అక్విడక్ట్ గుర్తొచ్చింది.

యుద్ధంలో ఈ ఊరికి అంత ప్రాధాన్యం ఎందుకొచ్చిందో మనవడికి చెప్పాలంటే 1942 నుంచి మొదలుపెట్టండి. ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతిలోకి పోయింది. దాంతో అక్కడి పెద్ద డాకులు కూడా పోయాయి. ఫిబ్రవరి 19న ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్ మీద బాంబులు పడ్డాయి. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా పడ్డాయి. అదే ఏప్రిల్‌లో అమెరికా నౌకాదళం బ్రిస్బేన్‌లో సబ్‌మెరైన్ స్థావరం పెట్టింది. జూలైలో ఈ ప్రాంతపు మిత్రదేశాల సేనలకు అధిపతి అయిన అమెరికన్ జనరల్ మెకార్థర్ తన హెడ్‌క్వార్టర్స్‌ను ఈ ఊరికే మార్చాడు. యుద్ధం సాలమన్ దీవులు, న్యూగినీ వైపు నడుస్తోంది. దెబ్బతిన్న ఓడ అమెరికా దాకా వెళ్ళి బాగై తిరిగి రావాలంటే నెలలు పడుతుంది. దగ్గరలో, సముద్రం నుంచి కొంత లోపలికి, నది మీద ఉన్న ఊరు ఇది. అందుకే అరవై ఏళ్ళ పాత రాతి డాక్ ఒక్కసారిగా అంత అవసరమైంది.

ఇక్కడ బాగైన వాటిలో గ్రౌలర్ అనే అమెరికన్ సబ్‌మెరైన్ కథ తప్పక చెప్పండి. 1943 ఫిబ్రవరి 7 రాత్రి అది ఒక జపాన్ నౌకను ఢీకొట్టింది. పైన మెషీన్ గన్ కాల్పులు. కమాండర్ హోవర్డ్ గిల్‌మోర్ గాయపడి పైనే ఉండిపోయాడు. తనను లోపలికి దించేలోపు సబ్‌మెరైన్ మొత్తం పోతుందని తెలిసి, తన్ను వదిలేసి నీళ్ళ కిందికి తీసుకెళ్ళండని ఆజ్ఞ ఇచ్చాడు. సిబ్బంది ఆ మాట పాటించారు. ముక్కు భాగం దాదాపు 18 అడుగుల మేర పక్కకు మడత పడిన సబ్‌మెరైన్‌ను వాళ్ళు బ్రిస్బేన్ దాకా తెచ్చుకున్నారు. గిల్‌మోర్‌కు మరణానంతరం అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. బ్రిస్బేన్ పనివాళ్ళు దానికి కొత్త ముక్కు కట్టి, రెండు వైపులా కంగారూ బొమ్మలు పెట్టి పంపారు. అందుకే దానికి కంగారూ ఎక్స్‌ప్రెస్ అని పేరొచ్చింది. 1944 నవంబరులో అది సిబ్బంది అందరితో సహా మునిగిపోయింది. ఈ కథ తెలిశాక ఆ ఊళ్ళో వెల్డింగ్ చేసిన మనుషుల గురించి నాకు ఎంతో గౌరవం కలిగింది. తాము అతికిన ఇనుము మళ్ళీ ఎక్కడికి వెళ్తుందో వాళ్ళకు తెలుసు. అయినా బొమ్మలు కూడా పెట్టి పంపారు.

యుద్ధంలో అమెరికన్ సబ్‌మెరైన్లు ఈ సౌత్ బ్రిస్బేన్ డాక్‌ను వాడుకున్నాయి. ఇప్పుడు అందులో ఉన్నది డయమంటీనా అనే ఆస్ట్రేలియా యుద్ధనౌక. క్వీన్స్‌లాండ్‌లోనే మేరీబరో అనే ఊళ్ళో కట్టారు, 1945లో సేవలోకి వచ్చింది. నౌరు దీవిలోని జపాన్ దళాల లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగింది దీని మీదే. దాని పొడవు సుమారు 92 మీటర్లు. గ్రౌలర్ తరహా సబ్‌మెరైన్ పొడవు సుమారు 95 మీటర్లు. కాబట్టి మీరు డాక్ అంచున నిలబడి, ఇప్పుడున్న ఓడ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చూడండి. 1943లో సబ్‌మెరైన్ పట్టింది కూడా దాదాపు అంత జాగానే. నాకు ఏ బోర్డు చదివినా రాని అంచనా ఆ ఒక్క చూపుతో వచ్చింది. పంపు హౌస్ కూడా అక్కడే ఉంది, దాన్ని వదిలేయకండి. చాలామంది ఓడ ఎక్కి ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. నీళ్ళు తోడకపోతే డాక్ లేదు కదా, అసలు గుండెకాయ ఆ గదే.

ఇక మిగతా చోట్లు. ఫెర్రీ ఎక్కి కిందికి, అంటే సముద్రం వైపు వెళ్ళండి. సిటీక్యాట్ అంటారు, 2024 ఆగస్టు నుంచి టికెట్ 50 సెంట్లే. స్టోరీ బ్రిడ్జి దగ్గర కంగారూ పాయింట్ ఒడ్డున ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, పడవలు కట్టేసే మెరీనా కనిపిస్తాయి. డాక్‌సైడ్ అంటారు. 1940 నుంచి 1976 దాకా అక్కడ ఎవాన్స్ డీకిన్ వాళ్ళ షిప్‌యార్డ్ ఉండేది, యుద్ధంలో నౌకాదళానికి ఓడలు అక్కడ కట్టారు. ఇప్పుడు చూస్తే అలాంటిదొకటి అక్కడ ఉండేదని ఎవరూ అనుకోరు. ఎదురుగా బ్రిడ్జి కింద హోవర్డ్ స్మిత్ వార్వ్స్ అనే పాత రేవులో హోటళ్ళ మధ్య యుద్ధకాలపు ఎయిర్ రెయిడ్ షెల్టర్లు నిలిచి ఉన్నాయి. రేవు పనివాళ్ళు బాంబుల భయంతో తలదాచుకోవడానికి కట్టినవి. పక్కనే జనం కాఫీ తాగుతుంటారు. వాటిని పడగొట్టకుండా ఉంచినవాళ్ళకు దండం పెట్టాలి.

టెనరిఫ్ దగ్గర దిగితే అమెరికన్ సబ్‌మెరైన్ల అసలు స్థావరం, కేప్రికార్న్ వార్ఫ్ ఉండిన చోటు వస్తుంది. అక్కడ రిపేరు షెడ్ల కోసం వెతకాల్సిన పని లేదు. ఎందుకంటే వర్క్‌షాపే ఒక ఓడ. టెండర్ అంటారు. లేతు మిషన్లు, ఫౌండ్రీ, విడిభాగాలు, టార్పెడోలు అన్నీ దాంట్లోనే. గ్రిఫిన్, ఫుల్టన్, స్పెర్రీ అనేవి అలా బ్రిస్బేన్‌లో ఉన్నాయి. సబ్‌మెరైన్లు వచ్చి ఆ తల్లి ఓడ పక్కన ఆనుకుని నిలబడేవి. మన పల్లెల్లో కొలిమి బండి వేసుకుని తిరిగే కమ్మరులను చూశారు కదా. చెట్టు కింద కొలిమి పెట్టి, ఊరందరి కొడవళ్ళు సానబెట్టి, పని అయ్యాక బండి కట్టుకుని వెళ్ళిపోతారు. ఇదీ అంతే. యుద్ధం ఉత్తరానికి జరిగింది, వర్క్‌షాపు దాని వెంట వెళ్ళిపోయింది. ఇప్పుడు అక్కడ సబ్‌మెరైనర్స్ వాక్ అని ఒక నడక దారి, వివరాలు రాసిన పలకలు ఉన్నాయి. పాత ఉన్ని గోదాముల ఎర్ర ఇటుక గోడలు మాత్రం అసలువే. పలకలు నిదానంగా చదవండి, మునిగిపోయిన సబ్‌మెరైన్ల పేర్లు కనిపిస్తాయి.

ఇంకా కింద మార్నింగ్‌సైడ్ వైపు కెయిర్న్‌క్రాస్ డాక్ ఉంది. పాత రాతి డాక్‌లో పట్టని పెద్ద ఓడల కోసం యుద్ధంలోనే, 1942లో మొదలుపెట్టి కట్టారు. యుద్ధం తర్వాత కూడా దశాబ్దాల పాటు రిపేర్లు చేసింది. అది పరిశ్రమల స్థలం, టూరిస్టులు తిరిగే చోటు కాదు. దాని కోసం ప్రత్యేకంగా కారు వేసుకుని వెళ్ళొద్దు.

వీటన్నిటిలో రాతి డాక్ ఇంత చక్కగా ఎందుకు నిలిచిందో నా అభిప్రాయం చెబుతాను. షెడ్డు అయితే పడగొట్టి భూమి అమ్మేయొచ్చు. చెక్క వార్ఫ్ అయితే ఏళ్ళకు పుచ్చిపోతుంది, పైగా ఆ నదికి 1974లో, 2011లో, 2022లో వచ్చిన వరదలు చిన్నవి కావు. 2009లో కర్నూలు మునగడం చూసిన మనకు నీళ్ళు ఏం చేస్తాయో తెలుసు. రాతితో కట్టిన గొయ్యిని పూడ్చాలంటే మాత్రం ఎవరో కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. 1972లో డాక్ పని ఆపేశాక పూడ్చకుండా అందులో ఒక ఓడను తెచ్చి పెట్టారు, డాక్‌కు ఇంకో పని దొరికింది. 1992 నుంచి ఆ డాక్ వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. ఆ ఓడ రంగు, తుప్పు, చెక్క పని చూసుకునే వాలంటీర్లలో చాలామంది రిటైరైన పెద్దవాళ్ళు. వాళ్ళలో ఒకాయన, నేను కాలువల మీద పనిచేశానని చెప్పగానే గేటు గురించి, ఊట నీళ్ళ గురించి ఎంత వివరంగా చెప్పారో. మా మాటలు పూర్తయ్యేదాకా మా ఆవిడ ఓపిగ్గా బెంచీ మీద కూర్చుంది.

ఇది చూశాక మన కేసీ కాలువ విషయం నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. సుంకేసుల నుంచి కడప దాకా పడవలు నడిచేలా కట్టిన కాలువ అది. పంటలకు నీళ్ళతో పాటు సరుకు రవాణా కూడా దాని పనే. పడవల కోసం కట్టిన లాకుల రాతి పని కొన్ని చోట్ల ఇంకా నిలిచి ఉంది. చుట్టూ ముళ్ళకంప. ఇది పడవల లాకు అని చెప్పే చిన్న బోర్డు కూడా నేను చూసినంతలో లేదు. మీరు ప్రయాణానికి ముందు ఒక ఆదివారం మనవడిని కాలువ గట్టు మీదికి తీసుకెళ్ళి, ఒక పాత లాకు చూపించండి. గేటు ఎక్కడ ఉండేది, నీళ్ళు ఎలా ఎక్కేవి, దిగేవి చెప్పండి. వాడు అక్కడికెళ్ళి డ్రై డాక్ చూస్తే మీరు చెప్పకముందే సగం వాడే చెబుతాడు.

మనవడిని తీసుకెళ్ళొచ్చు, సందేహమే వద్దు. ఓడ లోపలి నిచ్చెనలు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులుంటే పై డెక్‌తో ఆపేయండి. చీర కట్టుకుని ఆ నిచ్చెనలు దిగడం కష్టం, ఆడవాళ్ళు చుడీదార్ వేసుకుంటే టెన్షన్ ఉండదు. తలకు టోపీ, నీళ్ళ బాటిల్ ఉండాలి. అక్కడి ఎండ మన కర్నూలు ఎండలా ఉడికించదు గానీ చర్మం తొందరగా కాలుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే సాయంత్రాలు ఉరుములతో వాన పడుతుంటుంది, కాబట్టి పొద్దున్నే డాక్ చూసుకుని తర్వాత ఫెర్రీ ఎక్కండి. మ్యూజియం ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో, టికెట్ ఎంతో మీ అబ్బాయిని ముందే ఆన్‌లైన్‌లో చూడమనండి. ఊరి మధ్యలో మెకార్థర్ ఆఫీసు ఉండిన భవనంలో కూడా చిన్న మ్యూజియం ఉంది, అది వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. రెండూ తెరిచి ఉండే రోజు దొరికితే ఆ రోజే పెట్టుకోండి. మధ్యలో గుడ్‌విల్ బ్రిడ్జి మీదుగా నడిచే వెళ్ళొచ్చు.