రాతి రంగులో ఆడపిల్లల ఆట
చిత్రకళ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొరియా చిత్రకారుడు పాక్ సూ-గున్ వేసిన ‘గోంగి ఆడే బాలికలు’ తైలవర్ణ చిత్రం ఫోటో చూశాను. పిల్లలు గొంతుక్కూర్చుని నేలమీద ఏదో ఏరుతున్నారు. అది మన అచ్చనగాయలేనా? ఆటలో ఉండి కూడా ముఖాల్లో నవ్వు లేదేం?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: దాదాపు అదే. గోంగికి ఐదు రాళ్లు కావాలి. కింద పోసి, ఒకటి ఎగరేసి, అది పడేలోగా మిగతావి ముందు ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, ఆ తర్వాత మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒకేసారి ఏరాలి. ఐదో ఆటలో ఐదింటినీ ఎగరేసి చేతి వెనకవైపు పట్టి, అక్కణ్ణుంచి మళ్లీ ఎగరేసి గుప్పిట పట్టాలి. ఎన్ని రాళ్లు దొరికితే అన్ని ‘ఏళ్లు’. ముందుగా అనుకున్నన్ని ఏళ్లు ఎవరికి ముందొస్తే వాళ్లదే గెలుపు. మన గచ్చకాయలు ఆడినవాళ్లకు ఇందులో కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు.

ఇక నవ్వు. పాక్ (1914–1965) మనుషుల ముఖాల్ని రెండు మూడు గీతల్లో ముగించేస్తాడు. కొరియా యుద్ధం రోజుల్లో, సియోల్‌లో అమెరికా సైనికుల దుకాణంలో బొమ్మలు గీసి ఇల్లు గడుపుకున్న మనిషి. ఆయన చిత్రాల్లో తమ్ముణ్ణో చెల్లెల్నో వీపున కట్టుకుని నిలబడ్డ పిల్లలు తరచూ కనిపిస్తారు. అలాగని నవ్వు లేని ప్రతి ముఖమూ ఏడుపు ముఖం కాదు. పైకెగిరిన రాయి మీద చూపున్న పిల్ల నవ్వుతుందా?

ప్రశ్న: పాక్ చిత్రాల్లోని గరుకుతనం కోసం ఆయిల్ రంగులో సన్న ఇసుక కలిపి హార్డ్‌బోర్డు మీద వేశాను. నెల తిరక్కుండా రాలుతోంది, అక్కడక్కడ చీలింది కూడా. ఎక్కడ పొరపాటు?
– పాఠకుడు, వరంగల్

జవాబు: ఇసుకతోనే. ట్యూబులో ఉండే నూనె ఆ రంగుపొడిని పట్టి ఉంచడానికే సరిపోతుంది. ఇసుక చేరితే ప్రతి రేణువుకూ నూనె పూత కావాలి, అది చాలక రాలుతుంది. పాక్ చిత్రాల్లో గ్రానైట్‌లా కనిపించేదంతా రంగే. అడ్డంగా, నిలువుగా పొర మీద పొర వేస్తూ, చాకుతో గీకుతూ తెచ్చిన గరుకు అది.

మీరు ఇలా చేసి చూడండి. 4 మి.మీ. బోర్డు తీసుకుని ముందువైపు మూడు పూతలు, వెనక ఒక పూత జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగుపూత) వేయండి. వెనక వదిలేస్తే బోర్డు వంగుతుంది. టైటానియం తెలుపు, ఎల్లో ఓకర్, కొద్దిగా రా అంబర్ (మట్టి గోధుమరంగు) కలిపి, మొదటి పొరను టర్పెంటైన్‌తో పల్చగా వేయండి. జింక్ తెలుపు వద్దు, కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. తర్వాతి పొరలకు రంగును గంటసేపు బ్లాటింగ్ కాగితం మీద ఉంచితే అదనపు నూనె దిగి ముద్ద గట్టిపడుతుంది. అలాగని పూర్తిగా పొడిబారనివ్వొద్దు. నూనె ఎక్కువున్న పొర మీద నూనె తక్కువున్న పొర వేస్తే చీలుతుంది కాబట్టి, పైకి వెళ్లేకొద్దీ ఒకట్రెండు చుక్కల అవిసె నూనె చేర్చండి.

ఒక్కో పొర పోస్టుకార్డు మందం దాటకూడదు. ముతక కుంచెతో ఒక పొర అడ్డంగా, తర్వాతిది నిలువుగా వేయండి. పైన చెయ్యి అంటనంతగా ఆరాక చాకును పడుకోబెట్టి లాగితే మొనలు మాత్రం తెగుతాయి. ఆపైన వారం పది రోజులు ఆగి, గోరు నొక్కితే దిగకపోతేనే తర్వాతి పొర. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఆగాలి. మీ బోర్డు చీలడానికి కారణం బహుశా తొందరే: అడుగుపొర ఇంకా కదులుతుంటే పైది బిగుసుకుంది. ఆరు నుంచి ఎనిమిది పొరలంటే రెండు మూడు నెలల పని. అంత ఓపిక లేకపోతే ఆల్కిడ్ మీడియం వాడండి, పొర ఒకట్రెండు రోజుల్లో ఆరుతుంది.

బొమ్మ గీతలు చివర్లో గీయండి. అంబర్‌లో కాస్త నలుపు కలిపి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లాగితే గీత మిట్టల మీద పడి పల్లాల్లో తెగుతుంది. ఆ తెగిన గీతే పిల్లల్ని నేలలో కలిపేస్తుంది. రంగు పల్చనైతే పల్లాల్లోకి పారి, గీత తారు పోసినట్టు దిట్టంగా కనిపిస్తుంది. ఫోటో తీసేటప్పుడు దీపాన్ని ఎదురుగా కాకుండా పక్కనుంచి పెట్టండి, లేకపోతే ఇంత పనీ ఉత్త బూడిదరంగుగా కనిపిస్తుంది.

ప్రశ్న: చేపలతో, పీతలతో ఆడుకునే పిల్లల కొరియా బొమ్మలు రేకు మీద వేసినవట. అవీ తైలవర్ణాలేనా?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరంటున్నవి లీ జుంగ్-సోప్ (1916–1956) బొమ్మలు. సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం మీద మొనతో గీసి, రంగు పూసి, తుడిచేసినవి. గీతలో దిగిన రంగు మిగులుతుంది, పైది పోతుంది. వాటిలో మూడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. ఆయన తైలవర్ణాలూ వేశాడు, ఎద్దుల బొమ్మలకు మంచి పేరు. ఇంట్లో చేయదలిస్తే వెండికాగితం కింద మందపాటి అట్ట వేసి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీయండి. సూదితో గీస్తే కాగితం చిరుగుతుంది.