పెళ్లిళ్ల గోల కాదండీ, పొలం గొడవ

‘జేన్ ఆస్టెన్ ఇంగ్లీషు నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ ఎప్పుడో 1813 నాటిది, ఆ పెళ్లిళ్ల గోల ఇప్పుడు చదవడం దండగ కాదా’ అని మీలో ఒకరు అడిగారు. చదవండి. కాకపోతే ప్రేమకథ అనుకుని మొదలుపెట్టకండి. వానలో తడుస్తూ కథానాయకుడు డార్సీ, నాయిక ఎలిజబెత్ దగ్గర పెళ్లి మాట ఎత్తడం సినిమావాళ్ల పుణ్యం. నవల్లో ఆ ఘట్టం ఒక ఫాదరీగారి ఇంట్లో, నాలుగ్గోడల మధ్య, చుక్క వాన లేకుండా జరుగుతుంది.

నాకు ఈ నవల అర్థమైంది మా పెద్దమ్మ వల్ల. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఓ వేసవిలో భీమవరంలో వాళ్లింట్లో ఉండగా మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. చింతపండు పిక్కలు తీసుకుంటూ “ఎప్పుడూ ఆ పుస్తకమేనా, కథేంటో చెప్పవే” అంది. ఐదుగురు ఆడపిల్లలు, మగపిల్లాడు లేడు అన్నానో లేదో, “మరి పొలం ఎవరికెళ్తుంది?” అంది. సాహిత్య విమర్శకులు తిరిగి తిరిగి వచ్చేది అక్కడికే.

ఏడాదికి రెండు వేల పౌండ్లొచ్చే ఎస్టేటు. మగవారసుడికే దక్కాలన్న షరతు ఉంది కాబట్టి తండ్రి బెనెట్ పోతే కూతుళ్లకు రాదు, కాలిన్స్ అనే బంధువుకి పోతుంది. ఆ మహానుభావుడు ఆ ఐదుగురిలో రెండోదైన ఎలిజబెత్‌ని పెళ్లికి అడుగుతూ, డబ్బు నాకు పట్టదంటూనే, మీ అమ్మ పోయాక నీకొచ్చేది వెయ్యి పౌండ్లు, నాలుగు శాతం వడ్డీ మీద ఉంది అని లెక్క అప్పజెబుతాడు. “పావలా వడ్డీ కంటే కాస్త నయం” అంది పెద్దమ్మ, తలెత్తకుండా. ఎలిజబెత్ కాదన్నాక ఆమె స్నేహితురాలు, ఇరవై ఏడేళ్ల షార్లెట్, అతన్నే చేసుకుందని నేను మొహం చిట్లిస్తే, “ఏం, బాగానే చేసింది. రేపు ఆ పొలం కూడా దానిదేగా” అని కొట్టిపారేసింది.

తర్వాత అడిగింది అసలు మాట. “ఇంతకీ ఆ తండ్రేం చేస్తున్నట్టే?”

పుస్తకాల గదిలో కూర్చుని పెళ్లాం మీద జోకులేస్తుంటాడన్నాను. ఇక తిట్లు అందుకుంది. ఆ కోపం బెనెట్ మీద మాత్రమే కాదు. ఆడపిల్లలకూ ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ 1985 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం అమలైనప్పుడు, అప్పటికే పెళ్లయినవాళ్లను అందులో కలపలేదు. పెద్దమ్మ పెళ్లి అంతకు ముందే అయిపోయింది. పొలం మావయ్యలు పంచుకున్నారు.

మా డిగ్రీ గైడులో మిసెస్ బెనెట్ అంటే నోటి దురుసు మనిషి, హాస్యపాత్ర, అంతే. ఆ గైడులు రాసేవాళ్లు నవల చదువుతారని నాకు నమ్మకం లేదు. నా లెక్కలో ఆ ఇంట్లో రేపటి గురించి భయపడిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. బెనెట్‌గారేమో కొడుకు పుట్టకపోతాడా, వాడికి వయసొచ్చాక ఇద్దరం కలిసి ఆ షరతు రద్దు చేయించుకుందాం అనుకుని రాబడంతా ఖర్చు పెట్టేశాడు. ఇది నా కల్పన కాదు, 50వ అధ్యాయంలో ఉంది. మనవాళ్లు మాత్రం ఆయన చమత్కారాలు స్టేటస్‌లు పెట్టుకుంటారు.

జేన్ ఆస్టెన్‌కి ఇదంతా ఎవరో చెబితే తెలిసింది కాదు. 1805లో తండ్రి పోయాక తల్లి, అక్క, తను అన్నదమ్ములిచ్చే డబ్బు మీద ఆధారపడ్డారు. ఈ నవల హక్కులకు 150 పౌండ్లు ఆశించి, చివరికి 110కి అమ్ముకుంది. అలాంటి మనిషిని ‘రొమాన్స్ రచయిత్రి’ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

భాష సంగతంటారా, వాక్యాలు పొడుగే. సంభాషణలు పైకి చదవండి, వెటకారం చెవికి త్వరగా దొరుకుతుంది. చీమతలకాయంత అక్షరాలతో ఫుట్‌పాత్ మీద అమ్మే చవక ప్రతులు మాత్రం కొనకండి. 50వ అధ్యాయం దాటాక కూడా మీకు ఆ తల్లి మీదే నవ్వొస్తే చెప్పండి, తీరిగ్గా వాదించుకుందాం.