ఊడిరాని రేడియేటర్ హోస్: లాగొద్దు, మెలి తిప్పు

సందేహం: అన్నా, మాది కావలి. మిషిగన్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. ఇక్కడికి వచ్చాక బాగా పాత కారు ఒకటి కొన్నాను. రేడియేటర్ పైభాగాన ఉండే హోస్ (రబ్బరు గొట్టం) ఉబ్బిపోయి, క్లిప్పు దగ్గర కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) చెమ్మ కనిపిస్తోంది. కొత్త హోస్ తెచ్చుకున్నాను. క్లిప్పులు వదులు చేశాను. పాతది మాత్రం ఎంత లాగినా కదలడం లేదు. షాపులో అడిగితే లేబర్ ఖర్చే నా నెల సరుకులంత చెప్పారు. ఇంకా గట్టిగా లాగమంటావా?

జవాబు: లాగొద్దు తమ్ముడూ. రబ్బరు గొట్టాన్ని పొడవునా సాగదీస్తే అది సన్నబడి, తాను తొడుక్కున్న పైపు మూతిని ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. నువ్వు బలం పెట్టే కొద్దీ అదీ బలం పెడుతుంది. మన వైపు ఆయిల్ ఇంజన్ దగ్గర బిగుసుకుపోయిన డెలివరీ పైపును ఊడదీసే రైతును చూసే ఉంటావు. ఆయన లాగడు. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెలి తిప్పుతాడు, మాట వినకపోతే వేడినీళ్లు పోస్తాడు. నీ కారుకూ వైద్యం అదే.

పని మొదలుపెట్టే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన కారును పొద్దున ముట్టుకోవడం ఉత్తమం. నడిచిన ఇంజన్‌లో కూలెంట్ వేడి 90 డిగ్రీల సెల్సియస్ దాటే ఉంటుంది. చాలా కార్లలో రేడియేటర్ మూత పట్టి ఉంచే ఒత్తిడి 13 నుంచి 16 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉంటుంది. ఆ ఒత్తిడి ఉన్నందువల్లే అది నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతుంది. వేడి మీద మూత తీశావంటే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదకు ఎగజిమ్ముతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు హైవే పక్కన లారీ ఆపి, తడిగుడ్డతో మూత తిప్పి వెనక్కి గెంతే డ్రైవర్లను చూస్తూ పెరిగాం. ఆ విద్య ఇక్కడ పనికిరాదు. బ్యాటరీ నెగటివ్ వైరు కూడా తీసి పక్కన పెట్టు. కొన్ని కార్లలో ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. నీ వేళ్లు అప్పుడు అక్కడే ఉంటాయి.

తర్వాత రేడియేటర్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ తిప్పి, హోస్ మట్టం కంటే కిందికి దిగేదాకా కూలెంట్‌ను బేసిన్‌లోకి వదులు. ఆ ప్లగ్గు ప్లాస్టిక్‌ది కావచ్చు, దాని మీద కండబలం చూపించొద్దు.

క్లిప్పులు వదులు చేశానన్నావు. అది చాలదు, వాటిని హోస్ మీదుగా వెనక్కి జరపాలి. మూతి అంచు దగ్గర గుండ్రంగా చిన్న కట్ట లేచి ఉంటుంది. క్లిప్పు దానికి వెనక కూర్చుని హోస్‌ను పట్టి ఉంచుతుంది. క్లిప్పు అక్కడే ఉంటే సగం వదులైనా హోస్ ఆ కట్ట దాటదు. స్ప్రింగు క్లిప్పయితే ప్లయర్‌తో రెండు చెవులూ నొక్కి, నొక్కిపట్టే జరపాలి. పట్టు తప్పితే ఎగిరి వస్తుంది, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకో. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి స్క్రూ క్లిప్పులు మన సముద్రపు గాలికి పట్టినట్టే తుప్పు పడతాయి. తిరగని క్లిప్పుతో కుస్తీ పట్టకుండా కోసెయ్, కొత్తది రెండు మూడు డాలర్లకు వస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఏళ్ల తరబడి క్లిప్పు ఒత్తిడికి, వేడికి రబ్బరు లోహానికి అతుక్కుపోయి ఉంటుంది. అల్యూమినియం మూతి అయితే లోపల తెల్లటి పొడిలా తుప్పు కూడా పట్టి బంకలా పనిచేస్తుంది. ఆ అతుకు విడితే చాలు, హోస్ దానంతటదే వస్తుంది. హోస్‌ను మూతి మీద ఉన్న భాగంలోనే పట్టుకో, దూరంగా కాదు. చేత్తో కుడికి, ఎడమకి తిప్పి చూడు. కదలకపోతే పెద్ద వాటర్ పంప్ ప్లయర్‌కి గుడ్డ చుట్టి, హోస్‌ను మెత్తగా పట్టి కొంచెం కొంచెం తిప్పు. చిన్న చప్పుడుతో ఒక్కసారి జారితే ఇక నీదే రాజ్యం. ఒక్క జాగ్రత్త: పాత కారులో రేడియేటర్ రెండు వైపులా ఉండే ట్యాంకులు, వాటి మూతులు చాలావరకు ప్లాస్టిక్‌వే. వేడికి పెళుసెక్కిన ఆ మూతిని ప్లయర్‌తో నొక్కితే హోస్ మార్చడానికి దిగినవాడివి రేడియేటర్ మార్చాల్సి వస్తుంది. అక్కడ చేయి తప్ప ఇంకేదీ వాడకపోవడం మేలు.

మెలికకు లొంగకపోతే హోస్ పిక్ అని కొక్కెంలా వంగిన మొండి సూది ఒకటి దొరుకుతుంది. హోస్‌కూ మూతికీ మధ్య మెల్లగా దూర్చి చుట్టూ తిప్పుకుంటూ రావాలి. ఆ సందులోకి సబ్బునీళ్లు గానీ సిలికాన్ స్ప్రే గానీ పోస్తే ఇంకా తేలిక. కొనక్కర్లేదు కూడా. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల దుకాణాలు చాలా పనిముట్లను డిపాజిట్ మీద ఇస్తాయి, తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. స్క్రూడ్రైవర్‌తో మాత్రం పొడవొద్దు, మూతి మీద గీత పడుతుంది. మన ఇళ్లలో అన్నిటికీ కొట్టే డబ్ల్యూడీ-40 మీద కూడా చేయి వేయకు. కూలెంట్ హోస్‌లు ఎక్కువగా ఈపీడీఎం అనే రకం కృత్రిమ రబ్బరువి, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. పారేసే హోస్ అయితే పర్లేదు, మళ్లీ వాడేదైతే వద్దు. నవంబరు చలికి రబ్బరు కట్టెలా ఉంటుంది కాబట్టి వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచు, లేదా హెయిర్ డ్రయర్ పట్టు. లైటర్, మంట మాట ఎత్తొద్దు.

నీ విషయంలో ఇంత శ్రమ కూడా అనవసరం. కొత్త హోస్ చేతిలో ఉంది కదా, పాతదాన్ని కోసెయ్. పారేసే వస్తువునైనా పాడుచేయకుండా తీయాలనే అలవాటు మనకు ఇంటి దగ్గర నుంచే వస్తుంది. ఆ హోస్ ఖరీదు ఇరవై, ముప్పై డాలర్లు. అది తొడిగిన మూతి విరిగితే పోయేది వందల్లో. ఏది కాపాడాలో చూసుకో. మూతికి అవతల హోస్‌ను అడ్డంగా కోసి తీసేయ్. మూతి మీద మిగిలిన ముక్కను పొడవునా గీయి, కానీ బ్లేడు లోపలిదాకా దించకు. మందంలో ముప్పాతిక వంతు కోసి, మిగతాది చేత్తో విప్పి చీల్చు. మూతి మీద పొడవునా గీత పడితే కూలెంట్ ఆ దారినే కారుతుంది, ఎంత మంచి క్లిప్పు వేసినా ఆగదు.

ఈ కోసే సూత్రం హీటర్ హోస్‌లకు మరీ ముఖ్యం. ఇంజన్ వెనక గోడలోంచి బయటికొచ్చే ఆ రెండు పైపులు పలచనివి, లోపల హీటర్ కోర్‌కి (కారు లోపలికి వెచ్చటి గాలినిచ్చే చిన్న రేడియేటర్) అతికి ఉంటాయి. వాటి మీద మెలి తిప్పావంటే లోపల అతుకు ఊడుతుంది. చాలా కార్లలో అది బాగుచేయాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. పెట్రోలు పైపుల్లో ఒత్తిడి ఉంటుంది, ఏసీ పైపుల్లో గ్యాస్ ఉంటుంది. ఆ రెండూ షాపువాళ్లకు వదిలెయ్.

మూతి బయటపడ్డాక పాత రబ్బరు తునకలు, తెల్ల పొడి పోయేలా స్కాచ్‌బ్రైట్‌తో రుద్దు. కొత్త హోస్ లోపల కాస్త కూలెంట్ రాసి ఎక్కించు. గ్రీజు వద్దు. క్లిప్పు ఆ కట్టకు వెనక కూర్చోవాలి, దాని మీద కాదు.

నింపేటప్పుడు కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంటే, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయి. మన దగ్గర బ్యాటరీలో పోసే నీళ్లే అవి. కుళాయి నీళ్లలోని లవణాలు లోపల పెచ్చు కడతాయి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కావలిలో ఉత్త నీళ్లతో నడిపినా గడ్డకట్టే బాధ లేదు. మిషిగన్‌లో అలా చేస్తే జనవరిలో నీరు గడ్డకట్టి ఉబ్బి ఇంజన్ బ్లాకే పగలొచ్చు. నీళ్లతో సగం సగం కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ (చాలా కూలెంట్లలో ఉండే ముఖ్య పదార్థం) సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

పాత కూలెంట్ బేసిన్‌ను ఒక్క నిమిషం కూడా నేల మీద వదిలేయకు. తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకేస్తాయి. కొద్దిగా తాగినా వాటి ప్రాణం పోతుంది. పసిపిల్లలకూ అంతే ప్రమాదం. రోడ్డు పక్క డ్రెయిన్‌లో పోస్తే జరిమానా పడొచ్చు. డబ్బాలో పోసి మూత బిగించి, మీ కౌంటీలో ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వు. అపార్ట్‌మెంట్ లీజు కూడా ఒకసారి చదువు. పార్కింగ్‌లో కారు రిపేరు చేయకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది. గ్యారేజీ ఉన్న మనవాళ్ల ఇల్లు ఏదైనా ఉంటే అక్కడికి పో. ఇంకోటి, పని చేయి తిరిగాక ఫ్రెండ్స్ కార్లు కూడా నీ దగ్గరికే వస్తాయి. సాయం చెయ్, డబ్బు తీసుకోకు. ఎఫ్-1 వీసా (విద్యార్థి వీసా) మీద అది అనుమతి లేని పని కిందికి వస్తుంది.

చివరగా, మూత తీసి ఉంచి, హీటర్ ఫుల్‌గా పెట్టి ఇంజన్ నడుపు. లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది. మట్టం దిగితే కలిపిన కూలెంట్ పోస్తూ, బుడగలు ఆగాక మూత బిగించు. కొన్ని కార్లకు గాలి వదిలే స్క్రూ వేరే ఉంటుంది, పుస్తకం చూడు. ఒక చుట్టు తిప్పుకొచ్చి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసి, స్క్రూ క్లిప్పయితే పావు తిప్పు బిగించు.