ఫార్మాట్ కొట్టే ముందు మామయ్య మాట

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఉద్యోగం మానేసి ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు రిపేరు చేస్తుందట, అంతా నీ పోలికే" అని అరగంట తిట్టింది. తిట్టింది నిన్నో నన్నో చివరిదాకా తేలలేదు. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యను నిద్ర లేపి మరీ చెప్పాను. "సంతోషమా, భయమా?" అని అడిగింది. రెండూ అన్నాను. ఆవిడ మళ్లీ పడుకుంది, నాకు నిద్ర పట్టలేదు.

స్క్రూలు విప్పడం, విండోస్ ఎక్కించడం నీకు నేను చెప్పక్కర్లేదు, అమీర్‌పేటలో నేర్చుకున్నావు. మూత తీసే ముందు ప్లగ్ పీకెయ్, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్టర్ కూడా. చున్నీ ముడేసుకో. చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది, ర్యామ్‌ను పట్టుకునే ముందు ఒంట్లో స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకో. కొత్త ఇంటికి వెళ్తే అడ్రస్ మీ అమ్మకు వాట్సాప్ చెయ్.

నా భయం వేరే. మొన్న సంక్రాంతికి మీ నాన్న ల్యాప్‌టాప్ ఆగిపోయి బ్లూ స్క్రీన్ వేస్తే, ఏమిటో చూడకుండా పది నిమిషాల్లో డిస్కంతా చెరిపేసి ఫార్మాట్ కొట్టావు. నేను సోఫాలో కూర్చుని చూస్తూ నోరెత్తలేదు. పండగ పూట పిల్లను ఏమంటాంలే అనుకున్నాను. అప్పుడే అనాల్సింది.

2004 వేసవి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో నాకు చిన్న షాపు ఉండేది. చిక్కడపల్లిలో ఇంట్లోనే డీటీపీ, అంటే పుస్తకాల పేజీలు టైపు చేసి అమర్చే పని, చేసుకునే ఒకావిడ నా కస్టమరు. పేజ్‌మేకర్ నెమ్మదిగా నడుస్తోందంటే 256 ఎంబీ ర్యామ్ స్టిక్ ఒకటి అదనంగా నేనే వేసిచ్చాను. పది రోజుల తర్వాత ఫోన్, మాటిమాటికీ బ్లూ స్క్రీన్ వస్తోందని. వెళ్లాను. ఒకసారి ఒక ఎర్రరు, రీస్టార్ట్ చేస్తే ఇంకోటి. వైరస్ అన్నాను. అప్పట్లో మాకు అంతుచిక్కనిదంతా వైరసే.

డేటా అంతా రెండో హార్డ్ డిస్కుకు కాపీ చేశాను, మొదటిదాన్ని ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్స్‌పీ పెట్టాను. సగంలో ఆగి, ఫలానా ఫైలు కాపీ కావడం లేదంది. సీడీ మీద గీత పడిందనుకుని చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాను. ఈసారి వేరే ఫైలు దగ్గర ఆగింది. సీడీ మీద గీత ఉంటే రెండుసార్లూ ఒకే చోట ఆగాలి కదా! అంత ఆలోచన ఆ రోజు తట్టలేదు. కొత్త సీడీ తెచ్చి మూడోసారి పెడితే ఎక్కింది. నాలుగు వందలు తీసుకుని, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

మర్నాడు ఆవిడే షాపుకు వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖం కందిపోయింది. చేతిలో ప్రింట్లు. ఎవరో రిటైర్డ్ తెలుగు మాస్టారి పద్యాల పుస్తకం. నలభై ఫైళ్లలో పదకొండు తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నవాటిలో అక్కడక్కడా దీర్ఘం పోయి దాని చోట ఏదో పిచ్చి గుర్తు వచ్చింది. అలాంటివన్నీ ఎర్ర పెన్నుతో చుట్టి తెచ్చింది. "బాబూ, ఫైళ్లు ముందే పాడయ్యాయా, నువ్వు కాపీ చేసేటప్పుడా?" అని అడిగింది.

"ముందే పాడై ఉంటాయమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం పక్క షాపు కుర్రాడి దగ్గర ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఫ్లాపీ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. రెండు నిమిషాలు కాకముందే స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. నేను వేసిన స్టిక్కు తీస్తే ఒక్కటీ లేదు. డిస్కు నుంచి డిస్కుకు పోయే ప్రతి బైటూ మధ్యలో ర్యామ్‌లో దిగే పోతుంది, బుజ్జీ. చెడిపోయిన గదిలో దిగింది మారిపోయి బయటికొస్తుంది. ఒక్క బిట్ సున్నా ఉండాల్సిన చోట ఒకటి అయితే చాలు, ఆ పాత ఫాంట్లలో ఒక అక్షరం ఇంకో అక్షరం అయిపోయేది. కాపీ మాత్రం ఏ గొడవా లేకుండా పూర్తయినట్టే కనిపిస్తుంది. పోల్చి చూద్దామంటే అసలు ఫైళ్లు లేవు, ఫార్మాట్ కొట్టింది నేనే.

కొత్త స్టిక్కు ఫ్రీగా వేశాను. ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది. పదకొండు ఫైళ్లూ మళ్లీ టైపు చేసుకుంది. ఆ వేసవిలో కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని ప్రూఫులు దిద్దుకుందని తర్వాత తెలిసింది. నేను నిజం చెప్పలేదు. ఈ సంగతి మీ అత్తయ్యకు కూడా తెలియదు, నువ్వూ చెప్పకు.

అందుకని అడుగుతున్నాను. మాటిమాటికీ ఆగిపోయే మెషీన్ మీద మెమరీ టెస్ట్ చేయకుండా బ్యాకప్ తీయకు, విండోస్ ఎక్కించకు. అర్జెంటు అంటే డిస్కు విప్పి నీ మంచి మెషీన్‌కు తగిలించి కాపీ చెయ్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ లేకుండా ఆ డిస్కు ఇంకెక్కడా తెరుచుకోదు. కీ సాధారణంగా వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. స్క్రూడ్రైవర్ తీయక ముందే అడుగు.

విండోస్‌తో వచ్చే మెమరీ టెస్ట్ పైపై జల్లెడ లాంటిది. అందులో ఏమీ దొరకలేదని సంబరపడకు. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా వదిలెయ్, నాలుగు పాస్‌లు, అంటే నాలుగు చుట్లు, తిరగాలి. ఒక్క ఎర్రరు వచ్చినా అది ఎర్రరే, "ఒకటే కదా" అనకు. వస్తే స్టిక్కులు ఒక్కొక్కటే పెట్టి చూడు, తర్వాత అదే స్టిక్కు ఇంకో స్లాట్‌లో పెట్టు. స్టిక్కు మంచిదై స్లాట్ పోయిన మదర్‌బోర్డులు నేను బోలెడు చూశాను. బయోస్‌లో ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే ముందు అది ఆపు. స్పీడు పెంచితే తట్టుకోలేక పడిపోయేవాటిని చెడిపోయాయంటే పాపం. మన ఊరి దుమ్ముకు సగం కేసులు స్టిక్కు తీసి, కాంటాక్టులు రబ్బరుతో తుడిచి పెడితేనే బాగవుతాయి. దానికి వెయ్యి రూపాయలు అడక్కు.

అన్నిటికీ ర్యామ్‌నే తప్పు పట్టకు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు, గుర్తుందా? వాటి ర్యామ్‌లకు ఏ రోగమూ లేదు. విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కూర్చున్న డ్రైవర్ అనే ప్రోగ్రాం ఒకటి హద్దు దాటి మెమరీ చదవబోయింది. స్క్రీన్ మీద మెమరీ అన్న మాట కనబడినా, దొంగ డ్రైవరే కావచ్చు.

విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది, మెషీన్ పడిపోయినప్పుడు రాసుకునే డంపు ఫైళ్లు అందులో ఉంటాయి, వాటిని విన్‌డీబీజీ అనే మైక్రోసాఫ్ట్ టూల్‌తో తెరిచి చూడు. నాలుగైదు డంపుల్లోనూ ఒకే డ్రైవర్ పేరు వస్తే దాని సంగతి చూడు. పాత వెర్షన్‌కు రోల్ బ్యాక్ చెయ్, లేదా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దించు. అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్కుతో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు. రోజుకో ఎర్రరు, రోజుకో పేరు వస్తుంటే ర్యామ్ మీదికి పో. తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో గంటలకొద్దీ హాయిగా నడిచిందంటే అనుమానం మళ్లీ డ్రైవర్ వైపే.

విండోస్‌లోనే ఉండే డ్రైవర్ వెరిఫైయర్ ఆన్ చేస్తే తప్పు చేసే డ్రైవర్‌ను కావాలనే పడగొడుతుంది, అప్పుడు మెషీన్ బూట్ కాకుండా తిరుగుతూనే ఉండొచ్చు. రిస్టోర్ పాయింట్ పెట్టుకో. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వెరిఫైయర్ రీసెట్ చేయడం ఎలాగో కాగితం మీద రాసుకుని మరీ ఆన్ చెయ్. కస్టమరు పక్కన నిలబడి చూస్తుంటే వేళ్లు వణుకుతాయి, నాకు ఇప్పటికీ వణుకుతాయి.

ఆదివారం ఇంటికి రా. అత్తయ్య పెసరట్లు వేస్తానంది. నా టూల్ బ్యాగు నీకే, అందులో స్క్రూల డబ్బా మాత్రం మీ అత్తయ్యది, పోపుల డబ్బా అడుగున దొరికింది, వాసన పోలేదు. బీరువా సొరుగులో ఒక 256 ఎంబీ స్టిక్కు ఉంది, మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో ఇంటూ గీత ఉంటుంది. పొరపాటున కూడా ఎవరి మెషీన్‌లోనూ పెట్టకు. అటక మీద నా పాత సీపీయూ దించి, దాంట్లో పెట్టి మెమ్‌టెస్ట్ నడుపుదాం. ఎర్ర గీతలు ఎలా వస్తాయో నీ కళ్లతో చూద్దువుగాని.

ఇట్లు,
మామయ్య